చిటికెనవేలు

బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే పెద్దాయన వారం రోజులుగా మరమ్మతు కొట్టుకు వస్తున్నాడు, పెట్టె ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుంటున్నాడు. ఎవరో వాడి వదిలేస్తే ఇరవై ఏళ్ల కిందట చవగ్గా కొన్న క్లారినెట్ అది. కింది మీట దానంతటది మూసుకోదు. గాలి పోకుండా దాన్ని చిటికెనవేలితో అదిమిపట్టి వాయించడం ఆయనకు అలవాటైపోయింది. ఇప్పుడు గ్లాసు పట్టుకున్నా, గొడుగు పట్టుకున్నా ఆ వేలు కొంకిలా వంగే ఉంటుంది. అయినా ఈమధ్య బుసబుసమని గాలి చప్పుడే ఎక్కువైంది. బాగుచేయించుకోకపోతే వేరేవాణ్ణి చూసుకుంటామని మేళం పెద్ద చెప్పేశాడు.

"ఇంకా ఏం ఆలోచిస్తావు బాబాయ్? ముందు ఇది ఊది చూడు," అంటూ కొట్టతను బాగుచేసిన మరో క్లారినెట్ చేతికిచ్చాడు. పెద్దాయన రోజూ వాయించే పాటే ఎత్తుకున్నాడు. చరణం మధ్యలో చిటికెనవేలు అలవాటుకొద్దీ పోయి, అక్కర్లేకపోయినా అదిమింది. క్లారినెట్ కీచుమంది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే కీచుమంది. ఆయన దాన్ని కొట్టతనికి తిరిగిచ్చేశాడు.

"నా క్లారినెట్ బాగుచేస్తావు సరే నాయనా, మరి దీన్నేం చేస్తావు?" అని వంకరవేలు చూపించాడు. కొట్టతను నవ్వబోయి ఆగిపోయాడు. చివరికి పెద్దాయన, బాగుచెయ్యమని పెట్టె బల్లమీద పెట్టి లేచాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆ వేలు ఉత్తగాలినే అదుముతూ పోయింది.