జాగ చూసొచ్చిన నాయన

మా నాయన మట్టయ్యకు అక్షరం ముక్క రాదు. అయినా మా అన్న పర్వతాలు ఏ కాలేజీలో ఇంజనీరింగు చదవాలో తేల్చింది ఆయనే. ఇప్పుడు తలచుకున్నా నవ్వొస్తుంది, వెంటనే కళ్ళు చెమరుస్తాయి.

నలభైతొమ్మిదినాటి సంగతి. చుట్టూ నైజాం ఇలాకా ఉన్నా మా నడిగూడెం మద్రాసు రాష్ట్రం కిందే ఉండేది. అన్న బెజవాడలో ఇంటరు ప్యాసయ్యాడు. మద్రాసు యూనివర్సిటీ కింద గిండీ కాలేజీలోనైనా, అనంతపురం కాలేజీలోనైనా చేరొచ్చన్నారు. అన్నకేమో గిండీ అంటే ప్రాణం.

గొర్ల మందను కొత్త చోటికి తోలేముందు ఇంటిపెద్ద ఒక్కడే వెళ్ళి గడ్డీ నీళ్ళూ చూసి రావడం మా ఆచారం. ఆయన ఎక్కడంటే అక్కడికే మంద. కొడుకు చదువుకూ అదే పద్ధతన్నాడు నాయన. ఎర్రంచు గొంగడి భుజాన వేసుకుని కోదాడలో బస్సెక్కాడు.

తిరిగొచ్చేసరికి భుజం బోసిగా ఉంది.

"గొంగడేదయ్యా?" అంది అమ్మ.

"రైల్ల పోయింది."

అమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆ ఉన్ని వడికింది తనే మరి. గొంగడి పోగొట్టుకున్న గొర్లకాపరి అంటూ ఊరు ఊరంతా ఆటపట్టించింది.

నాయన అవేమీ పట్టించుకోలేదు. "మద్రాసుల గంత సముద్రమున్నది గని, గొర్రె మూతి గూడ పెట్టదు. అనంతపురంల జీవాలు మంచిగున్నయ్. ఎండ గూడ మన ఎండే. పిలగాడు గాడ్నే సదువాలె."

"నేనేమన్న గొర్రెనా నాయినా?" అని అన్న ఏడ్చాడు. మాట కాదనలేక అనంతపురమే పోయాడు గానీ, పోయేటప్పుడు నాయనతో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ చలికాలం నాయన గోనెసంచి కప్పుకుని మంద కాశాడు.

అక్కడ అన్నకు జ్వరం పట్టుకుంది. హాస్టల్లో ముసుగుతన్ని పడుకుంటే, గొర్లు కాసుకునే సుందరమ్మ అనే ఆమె వెతుక్కుంటూ వచ్చిందట. "నా కొడుకొస్తాడు, సూసుకోండని మట్టన్న చెప్పిపోయినాడు. రోజూ కాలేజీకి పోయే దావలో నువ్వు కనపళ్ళేదని వచ్చినా," అంది. ఇంటికి తీసుకుపోయి అంబలి పోసి, దండెం మీది గొంగడి తీసి కప్పింది. మట్టన్నే గుర్తుకు ఇచ్చిపోయాడని చెప్పింది. ఎర్రంచు చూడగానే అది రైల్లో పోయిందన్న గొంగడేనని అన్నకు తెలిసిపోయింది.

సెలవులకు అన్న ఆ గొంగడి వేసుకునే ఇంటికొచ్చాడు.

"దొరికిందా?" అన్నాడు నాయన.

అన్న దాన్ని ఆయన భుజాన కప్పి, కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. అమ్మ మాత్రం, "గీ ముచ్చట నాకన్న జెప్తే తిట్టకపోదును గద!" అంటూ మళ్ళీ తిట్లు మొదలుపెట్టింది.