రెండు గుంపుల మీద అనుమానం

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, బాపట్ల నుంచి తెనాలిలోని ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌కు సీనియర్ పాథాలజిస్టుగా వచ్చాను. నా కింద ఒక జూనియర్ డాక్టరు, ఇద్దరు టెక్నీషియన్లు. రేపల్లె వైపు ఆసుపత్రుల శాంపిళ్లు పొద్దున ప్యాసింజరు రైల్లో వచ్చేవి. ఒంట్లో చేరిన నీటిలో కాన్సర్ కణాలు ఉన్నాయా అని చూసి చెప్పడం నా పనిలో ముఖ్యమైన భాగం.

ఆగస్టులో కరుణమ్మ గారి శాంపిలు వచ్చింది. ఆవిడది రేపల్లె దగ్గర నగరం అనే ఊరు. ప్రైమరీ స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే రేపల్లె డాక్టరు తీసి పంపారు. కాగితం మీద ‘టీబీ అనుమానం’ అని రాశారు.

ఆ నీటిని మిషన్లో తిప్పితే కణాలు అడుగుకు చేరతాయి. వాటిని గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తాం. చిక్కంతా ఇక్కడే. ఊపిరితిత్తిని కప్పే పొరలోని మామూలు కణాలు కూడా జబ్బు తగిలితే ఉబ్బి, గుంపులు కట్టి కాన్సర్ కణాల్లా కనబడతాయి. కొన్ని కాన్సర్ కణాలేమో వాటి మధ్యే కలిసిపోయి ఉంటాయి.

నేను చూసినవి ఉబ్బిన మామూలు కణాల్లాగే ఉన్నాయి. రెండు గుంపుల మీద మాత్రం అనుమానం కలిగింది. మిగిలిన నీటితో సెల్ బ్లాక్ చేయించవచ్చు. అంటే కణాలను మైనంలో దిమ్మగా పోసి, పల్చగా కోసి, కణాల రకాన్ని రంగుతో తేల్చే మార్కర్ పరీక్షకు పంపడం. ఒక మార్కరు పొర కణాలకే గోధుమరంగు పట్టిస్తుంది, ఇంకొకటి గ్రంథుల్లో పుట్టే రకం కాన్సర్ కణాలకు. ఆ పరీక్ష మా దగ్గర లేదు. విజయవాడ పంపాలి, వారం పడుతుంది. టీబీ అని డాక్టరే అనుకుంటున్నారు కదా అనుకున్నాను. ‘కాన్సర్ కణాలు కనిపించలేదు’ అని రాసి సంతకం పెట్టాను. మిగిలిన నీరు పారబోశారు.

ఆ ఆదివారం వాళ్ల లూథరన్ చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించారని తర్వాత తెలిసింది. టీబీ మందులు మొదలుపెట్టారు.

అక్టోబరులో నీరు మళ్లీ చేరింది. ఈసారి రేపల్లె డాక్టరు ఫోన్ చేసి, మందులు పనిచేయడం లేదు, మనిషి చిక్కిపోతున్నారు, జాగ్రత్తగా చూడమన్నారు. సెల్ బ్లాక్ చేయించి పంపాను. వారానికి స్లైడ్లు తిరిగొచ్చాయి. పొర కణాల మార్కరు కొన్నిటికే పట్టింది. మిగిలిన గుంపులన్నీ కాన్సర్ మార్కరుకు గోధుమరంగు తేలాయి. మూడో మార్కరు అది ఊపిరితిత్తిలోనే పుట్టిందని తేల్చింది. పాత స్లైడ్లు తీయించి పక్కన పెట్టుకు చూశాను. అప్పుడు అనుమానించిన రెండు గుంపుల్లోనూ ఇవే కణాలు.

‘నేనే చెప్తాను, వాళ్లను తెనాలి పంపించండి’ అని డాక్టరుతో అన్నాను. కరుణమ్మ గారితో భర్త యేసుదాసు గారు వచ్చారు. ఆయనా టీచరే.

“అప్పుడు లేదన్నారు కదమ్మా,” అన్నారాయన, నెమ్మదిగానే.

“లేదనలేదు మాష్టారూ, కనిపించలేదని రాశాను,” అన్నాను. మాట నోట్లోంచి వస్తుండగానే సిగ్గేసింది. “నాకు అనుమానం వచ్చిందండి. అప్పుడే ఇంకో పరీక్ష చేయించాల్సింది, చేయించలేదు. తప్పు నాదే.”

కరుణమ్మ గారు అడిగారు.

“అప్పుడే తెలిస్తే బతికేదాన్నా అమ్మా?”

“చెప్పలేనండి. మందులు మాత్రం రెండు నెలల ముందు మొదలయ్యేవి.”

“ఈ రెండు నెలలూ తగ్గిపోతుందనుకుంటూ బాగానే ఉన్నాను లెండి,” అన్నారావిడ. నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజంగానే అన్నారో ఇప్పటికీ తెలియదు.

గుంటూరులో వైద్యం చేయించారు. మరుసటి ఏడు, ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు ఆవిడ పోయారు. నగరం వెళ్లాను. యేసుదాసు గారు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించారు.

ఆ తర్వాత మా ల్యాబ్‌లో, రిపోర్టు పంపించి డాక్టరుతో మాట్లాడేదాకా మిగిలిన నీటిని ఫ్రిజ్‌లోంచి తీసి పారబోయనివ్వలేదు. ఒక్క గుంపు మీద అనుమానం వచ్చినా, ఆ అనుమానాన్నే రిపోర్టులో రాసి మార్కర్ పరీక్ష అడిగాను. నేను నేర్చుకున్నది ఇదీ: డాక్టరు ముందే రాసిన అనుమానం మన కంటిని కూడా అటే లాక్కుపోతుంది. అందుకని ముందు స్లైడు చూడాలి, కాగితం తర్వాత చదవాలి.