అంబాదాస్ అన్న రాసిచ్చిన పేర్లు

“ఒక్క ఫోన్ అత్తమ్మా. ఒక్కటంటె ఒక్కటే. నోట్లెకెల్లి ముత్యాలు రాల్తయా?”

“రాలవు. అయినా చెయ్య.”

“నీ మనవడు గాదా వాడు?”

“నా మనవడే. అందుకే చెయ్య.”

“ఆ పెద్దాయన నిన్ను చెల్లె లెక్క చూసుకున్నడు. నువ్వడిగితే కాదంటడా?”

“కాదనడు సుజాతా. గా మనిషి నాకు ఎన్నడు కాదని చెప్పలే. అదే కష్టం.”

సుజాత నా కోడలు. ఒళ్లో చాట, చాటలో బీడీ ఆకు, చేతిలో కత్తెర. ఆ కత్తెరను నేలకేసి కొట్టింది. నా ఇంట్లో వస్తువును నేలకేసి కొడితే నేను ఊరుకోను. నిన్న మాత్రం ఊరుకున్నాను. ఆమె కొడుకు సాగర్ పటాలంలో చేరి రెండేళ్లయింది. సెలవు మీద ఇంటికి వచ్చాడు. తెల్లవారితే పొద్దుటి బండికి తిరిగి వెళ్లాలి. ఈసారి వెళ్లేది మంచు కొండల మీది చౌకీకి. అక్కడ శత్రువు కంటే చలే ఎక్కువ మందిని తీసుకుపోతుందని వాడే నోరు జారాడు. అప్పటి నుంచి కుంభారి బీడీ కాలనీలోని ఈ ఇంట్లో ఎవరూ కడుపునిండా తినలేదు. వాడు ఉన్ని మేజోళ్లు కొనుక్కోవడానికి ఊళ్లోకి వెళ్లిన సమయం చూసి సుజాత నన్ను పట్టుకుంది.

“రిటైరైతే ఏంది, జనరల్ జనరలే. పుణె నుంచి ఒక మాట చెప్తె పోరన్ని కిందనే గోదాంల పెడ్తరు. అందరు వశిలా పెట్టుకుంటలేరా? మనం పెడ్తేనే పాపమా?”

మంచం కింది రేకు డబ్బా లాగి మూత తీశాను. గుండీలు, దారపు ముక్కలు, పాత రేషన్ కార్డు. నేను ఏదీ పారేయను. అన్నిటికంటే అడుగున మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. దాన్ని తీయగానే తంబాకు వాసన వచ్చింది. నలభై ఏళ్లు డబ్బాలో ఉన్నా ఆ వాసన పోలేదు. ఆ వాసనతో పాటే మరాఠీ గడ్డకు వలస వచ్చిన తెలుగు సాలెవాళ్లుండే భవాని పేట్‌లోని మా పాత గల్లీ, మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఉన్న ఒంటి గోడ, ఆ గోడ అవతల నుంచి వినిపించే మగ్గం చప్పుడు గుర్తుకు వచ్చాయి.

ఆ పక్కిల్లే అంబాదాస్ అన్నది. ఆయన లెఫ్టినెంట్ జనరల్ దాకా ఎదిగాడని పేపర్లో చదివినవాళ్లు ఉంటారు. నేను చూసిన మనిషి వేరు. తండ్రి మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని చదివేవాడు. నూలు తెగితే చదువు ఆగేది, పోగు ముడివేశాక మళ్లీ సాగేది. నన్ను నాలుగో తరగతిలోనే బడి మాన్పించారు. మా తమ్ముడు బాలయ్యను కని అమ్మ చనిపోయింది. వాణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో ఆడమనిషి కావాలి. ఆ మనిషిని నేనే. పై చదువుకు బయటి ఊరు వెళ్లిన అంబాదాస్ అన్న సెలవులకు వచ్చినప్పుడల్లా కిరాణా పొట్లం కట్టి వచ్చిన మరాఠీ పేపరు ముక్క నా ముందు పెట్టేవాడు.

“చదువు చంద్రీ.”

“బియ్యం పొట్లంల ఏముంటదన్నా చదవనీకి?”

“ఏమన్న ఉండని. అక్షరాలు పోతే మల్ల రావు.”

ఆ చదివించడం వల్లే నాలుగు అక్షరాలు నాలో నిలిచాయి. అవి ఎందుకు అక్కరకు వస్తాయో నాకు అప్పుడు తెలియదు.

ఆయన పటాలంలో ఆఫీసరు పరీక్ష పాసైతే మా గల్లీవాళ్లు పోలీసు నౌకరీ అనుకున్నారు. సెలవు మీద వచ్చిన ఆఫీసరు చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, మగ్గం గుంటలోకి దిగి, తండ్రిని లేపి పడుకోబెట్టి తనే నేసేవాడు. అది చూసి ఈయన పెద్దవాడెట్లా అయ్యాడని జనానికి అనుమానం. మేజర్ అయ్యాక కులపెద్దలు ముగ్గురు నెమలి అంచు చద్దరు ఒకటి పట్టుకుని వచ్చారు.

“అంబాదాసూ, పటాలానికి మన చద్దర్లు ఇప్పియ్యి. పేట మొత్తం బతుకుతది.”

ఆయన దాన్ని భుజాల మీద కప్పుకున్నాడు, చెంపకు ఆనించుకున్నాడు, చేత్తో బరువు చూశాడు. “బంగారమసొంటి చద్దరు కాకా. కని ఇది నూలు. మా పిల్లలు పండేకాడ నూలు తడిస్తె గడ్డకడ్తది. ఉన్ని కావాలె.”

“మన చద్దరుకే పేరు పెడ్తవా?”

“చద్దరుకు పెడ్తలేను కాకా. అది ఇక్కడి చలికి నేసింది.”

పెద్దలు చద్దరు మడత పెట్టుకుని లేచారు. “దొరైతే అయిండు గని మనకేం పనికొచ్చిండు?” అన్న మాట ఆ సాయంత్రానికే పేటంతా తిరిగింది. బీడీలు చుడుతూ నేను కూడా నాలుగు చోట్ల ఆ మాటే అన్నాను.

తరువాత నా వంతు వచ్చింది. బాలయ్య పెద్దవాడై పటాలంలో చేరాడు. అప్పటికి అంబాదాస్ అన్న కర్నల్. బాలయ్య ఉన్న పటాలానికి ఆయనే పెద్ద. అన్న తన తల్లి చనిపోతే దినాలకు ఇంటికి వచ్చాడు. తమ్ముణ్ణి మంచు చౌకీకి పంపుతున్నారని ఉత్తరం వచ్చి అప్పటికి నాలుగు రోజులైంది. దినాలైన మధ్యాహ్నం, ఆయన గుండుతో అరుగు మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు వెళ్లాను.

“అన్నా, బాలయ్యను పైకి పంపకు. నా చేతుల మీద పెరిగినోడు. తోడబుట్టినోడు నాకు వాడొక్కడే.”

కసురుకుంటాడనుకున్నాను. కసరలేదు. “సరే” అన్నాడు. అంత సులభంగా అంటాడని నేను అనుకోలేదు. బీడీ కట్టలకు చుట్టే కాగితం ఒకటి నా చాటలో ఉంటే అడిగి తీసుకున్నాడు. మోకాలి మీద పెట్టుకుని, ఎక్కడా ఆగకుండా మరాఠీలో పధ్నాలుగు పేర్లు రాసి నా చేతికిచ్చాడు.

“పైకి పన్నెండు మంది పోవాలె. పదకొండు పోతే నడువది. బాలయ్యను ఆపుత. ఆని జాగాల ఎవర్ని పంపాల్నో, కింద ఉండే వీళ్లల్ల నువ్వే చెప్పు. నేను రేపు పొద్దుటి బండికి పోత. అంతలోపల ఒక పేరు మీద ఏలు పెట్టు, చాలు.”

“వీళ్లెవరో నాకేం ఎర్కన్నా?”

“అందుకే పక్కన రాసిన.”

ప్రతి పేరు పక్కన ఒక్క ముక్క ఉంది. తల్లికి చూపు లేదు. భార్యకు ఏడో నెల. పెళ్లి కుదిరింది. పాటలు పాడతాడు. ఇద్దరు చెల్లెళ్లు. ఇంటికి వచ్చి బీడీలు చుడుతూ ఆ కాగితం ముందు పెట్టుకున్నాను. తంబాకుతో గోధుమరంగుకు తిరిగిన వేలు పేరు పేరుకూ దించుకుంటూ వెళ్లాను. ఎక్కడా ఆగలేదు. చివరి నుంచి రెండో పేరు దగ్గర ఆగింది. దత్తు. నలుగురు అన్నలు.

నేను పొదుపు మనిషిని. ఐదుగురిలో ఒకడు పోయినా నలుగురు మిగులుతారని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క నాతో ఎవరూ వేయించలేదు, నేనే వేశాను. వేలు ఆ పేరు మీద చాలాసేపు ఉంచాను. ఉంచిన కొద్దీ ఆ పేరుకు ఒక మొహం వచ్చింది. అది మా బాలయ్య మొహంలాగానే ఉంది.

తెల్లవారి వెళ్లేసరికి అన్న ట్రంకు పెట్టె పట్టుకుని గల్లీ మొదట్లో నిలబడి ఉన్నాడు.

“ఎవ్వరు లేరన్నా ఇందుల” అన్నాను.

కాగితం తీసుకుని చూశాడు. దత్తు పేరు పక్కన నా వేలి మరక పడింది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. మడిచి మళ్లీ నా చేతిలో పెట్టాడు. “నీ దగ్గరనే ఉండనియ్యి. నా దగ్గర ఇసొంటియి శాన ఉన్నయి.”

బాలయ్య పైకి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. మిగతా నాలుగూ చలికి నల్లబడితే ఆసుపత్రిలో తీసేశారు. సాలెవాడికి వేళ్లు లేకపోతే ఏం మిగులుతుంది? నేను అంబాదాస్ అన్న మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాను. ఆయన ఊరికి వచ్చాడంటే తలుపు దగ్గరగా వేసేదాన్ని.

ఏడాది తరువాత ఒక మధ్యాహ్నం తలుపు వేయడం మరిచిపోయాను. మా మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోయి కొత్త పడుగు వచ్చింది. మాలో పాత పడుగును మొత్తం కోసేయరు. జానెడు పోగులు దువ్వెన లాంటి అచ్చులో అట్లాగే ఉంచి, కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలనూ కలిపి మెలిపెట్టాలి. వేల పోగులు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటేనే జరిగే పని. నా ఎదుట కూర్చోవాల్సిన బాలయ్య గోడకు ఆనుకుని తన చెయ్యి చూసుకుంటున్నాడు. అన్న లోపలికి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. బాలయ్య జాగాలో కూర్చుని, గిన్నెలోని బూడిదలో వేళ్లు ముంచి పోగు అందుకున్నాడు.

పది పోగులు అతికేదాకా చూశాను. ఇక ఆగలేకపోయాను. “వదులైతున్నయి. లాగంగనే తెగుతయి.”

ఏడాదిలో ఆయనతో నేనన్న మొదటి మాట అది.

“అయితే ఇప్పి మల్ల ఏస్త” అన్నాడు కర్నల్.

బాలయ్య నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక వాడు నవ్వడం అదే మొదలు. “సాబ్, మా అక్క మీ సుబేదార్ కన్న కడక్.”

ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. ఏడాదిగా గొంతులో ఉన్నది అడిగాను. “అన్నా, గా దత్తు ఎట్లున్నడు?”

అన్న చెయ్యి ఆగింది. బాలయ్య తల దించుకున్నాడు. “ఆడు నీకెట్ల ఎర్కక్కా? మమ్మల్ని తేనీకి కిందికెల్లి పైకొచ్చి, నన్ను వీపు మీదేసుకొని దెచ్చింది ఆడే.”

“బాలయ్యను దించి, మిగిలినోళ్ల కోసం మల్ల పైకి పోయిండు” అన్నాడు అన్న. “రాలే. వాళ్లింటికి నేనే పోయిన. అన్నలు వాకిట్ల కూసున్నరు. నలుగురికి నలుగురు ఉన్నరు చంద్రీ. ఇల్లు ఖాళీగ ఉంది.”

నా చేతిలోని పోగు జారిపోయింది. మళ్లీ బూడిద అద్దుకుని మళ్లీ అతికాను. సాయంత్రానికి పడుగు సగం అతికింది. ఒట్టు సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

ఆయన ఆ తరువాత ఇంకా ఎదిగాడు. జెండా, నక్షత్రాల పలక ఉన్న కారు మా గల్లీలో పట్టక మొదట్లోనే ఆగితే, దిగి నడిచి వచ్చేవాడు. నౌకరీ అడిగినవాళ్లకు పరీక్ష ఎప్పుడో చెప్పాడు, వశిలా పెట్టలేదు. పేట ఆయనను మెచ్చుకున్నది తక్కువ. రిటైరయ్యాక ఒకసారి వచ్చి నా చేతి చాయ తాగుతుంటే అడిగాను.

“అన్ని పదవులల్ల ఏది బాగుండె అన్నా?”

“మేజర్‌గ ఉన్నప్పుడు. నా కింద వందమంది. అందరి తల్లుల పేర్లు ఎర్కుండె. కర్నలైనంక ఒక్కొక్కని గురించి ఒక్క ముచ్చట యాదుండె, నీకు రాసిచ్చినట్టు. జనరలైనంక బల్ల మీదికి అంకెలే వచ్చినయి.” చాయ కప్పు కింద పెట్టాడు. “అంకెల మీద ఏలు పెట్టుడు అల్కగుంటది చంద్రీ. గదే నాకు భయమయ్యేది.”

నేను పటాలం చూడలేదు. కానీ మాకు ఆకు పంచే బీడీ శాఖలో ఆకు తక్కువ వచ్చిన రోజున, పాత మనిషివి నీది ముందు తీసుకో అని ఆడవాళ్లు అంటే, “ఎవరిది తగ్గియ్యాలె? పేరు చెప్పు” అని అడిగేదాన్ని. ఎవరూ చెప్పేవాళ్లు కాదు. ముసలిది ఖడూస్, మొండిది అని మాత్రం వెనక అనుకునేవారు. అనుకోనీ.

నిన్న ఆ కాగితాన్ని సుజాత చేతికిచ్చాను. ఆమె మరాఠీలో పదో తరగతి దాకా చదివింది. మొదటి పేరు గట్టిగా చదివింది, రెండోది మెల్లగా. మిగతావి లోపలే చదువుకుంది. చివరికి వచ్చేసరికి తల ఎత్తింది.

“ఈ మరకేంది అత్తమ్మా?”

“నా ఏలు.”

ఇక్కడ రాసినదంతా ఆమెకు చెప్పాను. నా లెక్కతో సహా. ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. విని కాగితాన్ని నేల మీద పరిచింది.

“ఇప్పుడడిగినా గట్లనే పేర్లు రాసిస్తడా ఆయన?”

“ఇప్పుడాయనకు పేర్లు ఎర్క లేవు. ఇప్పుడడిగితె సాగర్ జాగాల ఎవడో ఒకడు పోతడు. ఎవడో మనకు తెల్వను గూడ తెల్వది.” ఫోన్ తీసి కాగితం పక్కన పెట్టాను. “నంబర్ అందులున్నది. నేను చెయ్య. నువ్వు చేస్తె ఆప. తల్లివి.”

ఆమె రెండింటినీ చూస్తూ కూర్చుంది. నేను లేచి బయటికి వచ్చాను.

ఈ పొద్దున పల్లీలు వేగే వాసనకు లేచాను. ఫోన్ నిన్న నేను పెట్టినచోటే ఉంది. సుజాత నెలకు సరిపోయే పల్లీల డబ్బా బోర్లించి, వేయించి, రోట్లో కారంతో చట్నీ దంచుతోంది. పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలిచి ఇచ్చాను. సాగర్ బూట్లు వేసుకుంటున్నాడు.

“ఎందరు పోతున్నరురా మీరు పైకి?” అని అడిగింది.

“పన్నెండు మందిమి అమ్మా.”

“పేర్లు చెప్పు.”

వాడు ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె చట్నీని పన్నెండు పొట్లాలు కట్టి, పదకొండింటి మీద పెన్నుతో పేర్లు రాసింది. పన్నెండోది సాగర్‌ది, దాని మీద ఏమీ రాయలేదు. అన్నీ సంచిలో సర్దాక ముగ్గురమూ ఆటోలో స్టేషన్‌కు వెళ్లాము. బండి వేళకే వచ్చింది.