కుడి అంచు నేసిందెవరు

దయ్యాలను నేను నమ్మను. ఇంత జరిగాక కూడా నమ్మనంటే నవ్వుతారేమో, కానీ నిజం. మా గద్వాల మగ్గాల వీధిలో ఎవరైనా జ్వరంలో పలవరిస్తే గాలి సోకిందంటారు. నేను మాత్రం ముందు దవాఖానకు తీసుకుపొమ్మని కసురుకునేదాన్ని. అందుకే వీధిలో ఆడవాళ్లు నన్ను డాక్టరమ్మ అని ఎగతాళి చేస్తారు. ఆ డాక్టరమ్మ ఇంట్లోనే ఇది జరిగింది.

మా ఆయన పటాలంలో పనిచేశాడు. మంచుకొండల మీద డ్యూటీలో ఉన్నప్పుడు మంచు విరిగిపడి, ఆయనా భీమప్ప అనే స్నేహితుడూ దాని కింద పడ్డారు. భీమప్పది సరిహద్దు అవతలి రాయచూరు వైపు ఊరు. వాళ్లదీ మగ్గం ఇల్లే కావడంతో ఇద్దరికీ బాగా కుదిరింది. మా ఆయన బతికి బయటపడ్డాడు. భీమప్ప బయటపడలేదు.

ఆ తర్వాత మా ఆయనకు నిద్ర కరువైంది. తలుపు గట్టిగా పడితే వణికిపోయేవాడు. పక్కన ఎవరో ఉన్నట్టు భీమప్పతో మాట్లాడేవాడు. పటాలం ఇంటికి పంపేసింది. పంపేటప్పుడు డాక్టర్ల బోర్డు ఒక మాట అంది. ఈ జబ్బు పుట్టుకతో ఉన్నదేనట, ఉద్యోగం వల్ల రాలేదట, కాబట్టి వైకల్య పింఛను రాదట. చేర్చుకునేటప్పుడు పళ్లు కూడా లెక్కపెట్టి చూసినవాళ్లకు, పుట్టుకతో ఉన్న జబ్బు అప్పుడు కనపడలేదా?

అప్పీలు చేశాం, కొట్టేశారు. రెండో అప్పీలు వేసేటప్పుడు నాగర్‌కర్నూల్ వకీలు ఒకటే అడిగాడు, ఆ రోజు కొండ మీద జరిగింది చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

ఉన్నాడు. వనపర్తిలో ఉంటున్న రిటైర్డ్ సుబేదారు. ఆ రోజు అక్కడ పెద్ద ఆయనే. మంచు తవ్వి మా ఆయనను లాగింది ఆయన చేతులే. మా ఆయన ఆయనను అన్నా అంటాడు, సొంత అన్నను కూడా అంత ప్రేమగా పిలవడు. మా ఇంట్లో అన్నం తిని చేయి కడిగినప్పుడల్లా "నేనున్న కద చెల్లె, నువ్వు పరేషాన్ గాకు. సాక్ష్యం నేను చెప్త" అనేవాడు. నేను నమ్మాను.

ఇక మగ్గం సంగతి చెప్పాలి. మా గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. వరుస వరుసకూ నూలు పోగునూ పట్టు పోగునూ మెలేసి కలపాలి. అందుకే మగ్గం మీద ఇద్దరు కూర్చుంటాం. అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది నాడె. ఒకరు మగ్గం గుంటలో కూర్చుని నడుమ నాడె, ఎడమ అంచు నాడె చూసుకుంటారు. రెండోవాళ్లు పక్కన కూర్చుని కుడి అంచు నాడె వేస్తారు. మా ఇంట్లో ఆ రెండో మనిషిని నేనే. జబ్బు చేశాక మా ఆయన కాసేపు నేసి లేచిపోయేవాడు. మళ్లీ కూర్చోబెట్టడానికి తల ప్రాణం తోకకొచ్చేది.

రెండో అప్పీలు నడుస్తుండగా ఒక రోజు నేను వకీలు దగ్గరికి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరాను. అత్తమ్మ గడప దగ్గరే కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. లోపల మగ్గం మీద, నేను వెళ్లినప్పుడు లేని గుడ్డ మూరెడుకు పైనే ఉంది. రెండు అంచులూ కలిసి ఉన్నాయి. మా ఆయన అన్నం తిని, చాలా రోజుల తర్వాత హాయిగా పడుకుని ఉన్నాడు.

"పక్కకు ఎవరు కూసున్నరు?" అని అడిగాను.

"భీమప్ప" అన్నాడు, అదేదో అడగాల్సిన విషయమే కానట్టు.

నాకు ఒళ్లు మండింది. అత్తమ్మను అడిగాను.

"ఎవ్వరు రాలె బిడ్డా. నేను గీడికెల్లి లేవనే లేవలె. నువ్వు ఊరికి పోకుంటనే కూసున్నవేమో అనుకున్న, రెండు దిక్కుల నాడె సప్పుడు ఇనొస్తుండె" అంది. మళ్లీ గుర్తొచ్చి, "ఆ వనపర్తి సుబేదారు అచ్చిండు. వాకిట్ల నిలవడి లోపల్కి జూసిండు. చాయి పెడ్తనంటె కూడ ఆగలె, పొయ్యిండు" అంది.

ఒక్కడే నేసి ఉంటాడు అనుకున్నాను. వరుసకోసారి లేచి, పక్కకు వెళ్లి కుడి నాడె వేసి రావచ్చు. కానీ ఆ పద్ధతిలో పొద్దంతా కష్టపడినా జానెడు రాదు. గుడ్డ దగ్గరగా చూద్దామని వంగాను.

మా వీధిలో అందరం కుడి అంచు పట్టు పోగును నూలు పోగు మీదుగా తెచ్చి మెలేస్తాం. ఆ మూరెడు పొడవునా మెలిక కింది నుంచి పడింది. మా మేనమామది ఎడమచేతి వాటం, ఆయన కలిపిన అంచు అచ్చం ఇలాగే ఉండేది. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా వీధిలో ఎడమచేత్తో నేసేవాళ్లు లేరు. మా ఆయనతో ఎడమచేత్తో వేయించి చూశాను, పోగు తెంపేశాడు.

కొన్నాళ్లకు రెండో అప్పీలు కూడా కొట్టేశారు. కారణం వకీలు చదివి చెబుతుంటే నా చెవులను నేనే నమ్మలేకపోయాను. సుబేదారు సాక్ష్యం చెప్పాడట. మా ఆయన మంచు కింద పడిన సంగతి తనకు తెలియదట. పైగా మా ఇంటికి వచ్చి కళ్లారా చూశాడట, ఇద్దరు చేసే నేత పనిని మా ఆయన ఒక్కడే చక్కగా చేస్తున్నాడట. ఆ మనిషి బుర్రకు ఏ లోపమూ లేదట.

మా ఉప్పు తిని మా గొంతు కోశాడు. ఎందుకో కూడా నాకు తెలుసు. వాళ్లు వద్దన్నా వినకుండా ఆ ఇద్దరినీ ఆ రోజు పైకి పంపింది ఆయనేనని మా ఆయన ఎప్పుడో చెప్పాడు. మా ఆయన కూడా దాని కింద పడ్డాడని ఒప్పుకుంటే, పంపిందెవరని మళ్లీ అడుగుతారు.

భీమప్ప ఇంటివాళ్లయినా ఒక మాట చెబుతారేమోనని వాళ్లమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఎక్కువసేపు ఏడ్చింది. ఏడుపు మధ్యలో కొడుకును తలచుకుంటూ, వాడు అన్నం తప్ప అన్నీ ఎడమచేత్తోనే చేసేవాడని, నాడె కూడా దాంతోనే వేసేవాడని, వాళ్ల నాన్న తిట్టేవాడని సగం కన్నడంలో చెప్పింది. చేతి సంగతి నేను అడగనే లేదు.

మర్నాడు పొద్దున్నే వనపర్తి బస్సెక్కాను. సుబేదారు వరండాలో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, గింత అబద్ధం ఎట్ల చెప్పినవ్?"

"నేను జూసిందే చెప్పిన చెల్లె. ఒక్కడే నేస్తుండె."

"కుడి పక్కకు ఎవరు లేరా?"

ఆయన తల దించుకుని, "ఆ పక్కకు నేను జూడలె" అన్నాడు.

"జూడనోనివి ఒక్కడే అని ఎట్ల చెప్పినవ్ అన్నా?"

లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ చీర మా దగ్గర కొనే సేటుకు ఇవ్వలేదు. మిగతా కుడి అంచంతా నేనే నేశాను. ఎక్కడ నా చేయి మొదలైందో తడిమి చెప్పగలను. మళ్లీ అలా ఎప్పుడూ జరగలేదు. దీనికి ఏదో మామూలు కారణమే ఉండి ఉంటుందని ఎన్నోసార్లు ఆలోచించాను, నాకైతే దొరకలేదు.

ఇప్పుడు కేసు హైదరాబాద్‌లో వేయాలి. మొన్న వకీలు, "అమ్మా, ఆ దినం రెండో పక్క ఎవరు కూసున్నరో చెప్పు. ఒక్కడే నెయ్యలేదు, పక్కకు నేనున్న అని ఆ మనిషి ఒక్క మాట చెప్తె కేసు నిలవడ్తది. పేరు ఎర్కనా?" అన్నాడు.

"పేరు ఎర్కనే సార్" అన్నాను. "పిలిస్తె వస్తడో రాడో తెల్వదు."