డోలు లేని వరుస

మొన్న హైదరాబాదులో ఒక కచేరీకి వెళితే, చెల్లో అనే పెద్ద ఫిడేలును మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్న ఒక అమ్మాయి, తాళానికి మరెవరూ లేకుండా, తాను కొత్తగా కట్టిన సంగీతాన్ని ఒక్కతే వాయించింది. ముందు వరుసలో ఉన్న నాకు ఆమె కమానుకు రాసిన గుగ్గిలం వాసన తగిలి, అరవై ఏళ్ళ కిందట, చిన్నాన్న పోయిన నలభయ్యోనాడు మా ఇంట్లో వేసిన పొగ గుర్తొచ్చింది.

మాది దర్శి దగ్గర పల్లె. తాతల నాడు దూది ఏకినవాళ్ళం. నాన్న మస్తాను సన్నాయి వాయించేవాడు, చిన్నాన్న దస్తగిరి డోలు. మాఘమాసం వచ్చిందంటే ఇంట్లో పెళ్ళివారిచ్చిన బూరెల వాసన, బయట కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు. ఊరంతా దగ్గుతుంటే అన్నదమ్ములిద్దరూ పంచలో కూర్చుని సాధన చేసేవారు. నాన్న ఊపిరి తీసుకునే చోటల్లా డోలు మీద వేళ్ళు పరుగెత్తిస్తూ చిన్నాన్న నా వంక చూసి కన్ను గీటేవాడు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో జొన్నన్నం, గోంగూర పచ్చడి. ఇద్దరూ కూలికి పోయేవారు.

ఆ ఏడు మిరప తోటలకు కొత్తగా పురుగుమందు కొట్టడం మొదలైంది. మూతికి గుడ్డ కట్టుకోమని ఎవరూ చెప్పలేదు. చిన్నాన్న గాలికి ఎదురు నడుస్తూ మధ్యాహ్నం దాకా కొట్టి, చేతులు కాలవలో ముంచి, సద్దిమూట విప్పాడట. మంచం మీద మోసుకొచ్చేసరికి నోట్లోంచి నురగ వస్తోంది.

"అన్నా, కళ్ళు కనపడ్డంలా" అన్నాడు.

బండి కట్టేలోపే పోయాడు. చిన్నమ్మ కాసింబీకి ఇరవై నిండలేదు.

నాన్న సన్నాయి ముట్టలేదు. నలభయ్యోనాడు చుట్టాలంతా వెళ్ళాక, గుగ్గిలం పొగ ఇంట్లో ఇంకా ఉండగానే, పంచలో కూర్చుని ఎన్నడూ వినని వరుస ఒకటి ఎత్తుకున్నాడు. కాస్త సాగి ఠక్కున ఆగేది; డోలు మోగాల్సినంతసేపూ ఏమీ ఉండేది కాదు; మళ్ళీ సాగేది. తలుపు వెనక నుంచి చిన్నమ్మ, "ఇంకోసారి వాయించండి బావగారూ" అంది. అప్పట్నుంచి రోజూ పొద్దుగూకే వేళ వాయించేవాడు. అది విన్నాకే ఆమె నాలుగు మెతుకులు తినేది.

మాఘంలో ఒక రైతు పెళ్ళికి పిలవడానికి వచ్చాడు.

"ఒక్కణ్ణే వస్తానండి" అన్నాడు నాన్న.

"అదేందయ్యా మస్తానూ, డోలు లేకుండా పెళ్ళేంది? అశుభం!"

ఆయన వెళ్ళాక అమ్మ, "పిల్లల మొహం చూడయ్యా" అంది. నాన్న పక్క ఊరి డోలాయన్ని కుదుర్చుకున్నాడు.

ఆ మనిషి మంచివాడే. ఒక సాయంత్రం నాన్న తన వరుస వాయిస్తూ ఆగగానే, తోడుగా ఉందామనుకున్నాడో ఏమో, ఆ ఖాళీలో డోలు వాయించాడు. చక్కగా అమరింది. లోపల చిన్నమ్మ తలుపేసుకుంది. నాన్న సన్నాయి దించేశాడు.

"తప్పు చేశానా అన్నా?"

"లేదయ్యా. బాగానే వాయించావు."

ఆ నెలలోనే చిన్నమ్మ పుట్టింటికి వెళ్ళిపోయింది. నాన్న ఇంకో పాతికేళ్ళు పెళ్ళిళ్ళకు వాయించాడు కానీ, ఆ వరుస మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు నాన్న, చిన్నమ్మ, ఆ డోలాయన ముగ్గురూ లేరు. నాకు మొదటి రెండు ముక్కలే గుర్తున్నాయి. వాటి మధ్య ఎంతసేపు ఆగాలో అడుగుదామంటే ఎవరూ మిగల్లేదు.