తాత చెవులు

పెట్టె సర్దుతుంటే, నాయనమ్మ పాత చీర ముక్కతో కుట్టిన నా చిన్న మాస్కు దొరికింది. లాక్‌డౌన్ నాటికి నాకు పదకొండేళ్లు. సూరత్‌లో, బమ్రోలిలో ఉండేవాళ్లం.

మా తాత ఫౌజీ, సైన్యంలో ఫిరంగుల దగ్గర పనిచేశాడు. రిటైరయ్యాక సాంచల కార్ఖానాలో, మరమగ్గాల మీద బట్ట నేసేవాడు. నాయనమ్మ తిట్టడం మొదలుపెట్టగానే కళ్లు మూసుకుని, "నాకు ఇనబడ్తలేదు. తోపుల మోతకు చెవులు పోయినయి" అనేవాడు. ఆ వెంటనే నాకు కన్ను కొట్టేవాడు. అది నాటకమేనని నా నమ్మకం. డుమస్ బీచిలో భజియాలు తినాలని ఆయన ముందు నిలబడి గుసగుసలాడినా, ఆదివారం తీసుకెళ్లేవాడు మరి.

అందరం మాస్కులు కట్టుకున్నాక తాత జవాబు చెప్పడం మానేశాడు. కొత్త ఆట అనుకున్నాను.

తాత జ్వరమొచ్చి అంబులెన్సు ఎక్కుతుంటే, "తాతా, జల్ది రా" అన్నాను. నా కళ్లలోకి కాసేపు చూసి, సెల్యూట్ కొట్టి ఎక్కాడు. తిరిగి రాలేదు.

చాన్నాళ్లకు నాయనమ్మ చెప్పింది. "మీ తాతకు నిజంగనే ఇనబడకపోతుండె బిడ్డా. పెదవులు చూసి సమజ్ చేసుకునేటోడు. సాంచల మోతల అందరం గట్లనే మాట్లాడుకుంటుంటిమి."

మాస్కును మడిచి మళ్లీ పెట్టెలో పెట్టాను. జల్ది రమ్మని తాతతో అన్నది దీని వెనక నుంచే.