టెంపోల వెనక జాగ

ఇయ్యాల పటాన్‌చెరు మా వెల్డింగ్ షెడ్డుల ఒక బండి పని చేసినం.

సుశీలమ్మ టీచరుకు కాళ్లు పడిపోయినయి. ఆమె చక్రాల కుర్చీని రోజూ తోసే ఆమె భర్త పోయినేడు చనిపోయిండు. అప్పటిసంది ఆమె చర్చికి రాలే. అందుకని చర్చోళ్ల పాత టెంపోకు కుర్చీ ఎక్కెతందుకు ఏటవాలుగ ఇనుప పలక, లోపల కుర్చీ కదలకుండ కొక్కేలు వెల్డింగ్ చేసినం. కుర్చీని తోసే పిడులు వెనక తలుపుకు ఆనుకున్నయి. నడుమ అరచెయ్యి గూడ పట్టది.

ఒట్టి కుర్చీతోని నడిపి చూద్దామంటే వెల్డర్ మల్లేశం ఒప్పుకోలే. "ఖాళీ ఊయల ఊపుతమా? ఇదీ గంతే. నువ్వు కూసో," అన్నడు. కూసున్న. తలుపేసి ముత్తంగి దాకా తోలిండు. మలుపు తిరిగినప్పుడల్లా ఎవరో వెనక నుంచి కుర్చీని పట్టి ఆపినట్టయింది. మెల్లగ, అలవాటున్న చేతులతోని.

సాయంత్రం, కొలతలకు తెచ్చిన కుర్చీ అప్పజెప్పుకుంట, టీచరమ్మకు ఈ ముచ్చట, వెనక చెయ్యి పట్టే జాగ గూడ లేదని, నవ్వులాటకు చెప్పిన. ఆమె నవ్వలే.

"మలుపు కాడ మా సారు గట్లనే పడుతడు," అన్నది. మల్ల, "పాపం, ఆయనకు ఇరుకైతుండొచ్చు. కుర్చీ జెర ముందటికి జరుపు బిడ్డా," అన్నది.

నేను దయ్యాలను నమ్మ. కని రేపు పొద్దుగాల ఆ కొక్కేలు కోసి ముందటికి పెట్టాలె. ఎందుకని మల్లేశం అడిగితే, మీరైతే ఏం చెప్తరు?